సాయంకాలపు వెచ్చదనం

ఈ సంగతి ఇంతవరకు నేను ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు, డాక్టరు గారికి చెప్పలేదు, నాకు ప్రార్థన నేర్పిన రాహేలమ్మ పెద్దమ్మకు అసలే చెప్పలేదు. క్షయ జ్వరం నాకు మొదటిసారి వచ్చిన సాయంత్రం, దేవుడు నన్ను తాకాడని అనుకున్నాను.

జబ్బు చేసిన ప్రతివాళ్లకూ ఏదో తేడాగా ఉందని తోచిన రోజు ఒకటి ఉంటుంది. నాకు ఆ రోజు ఏ తేడా తోచలేదు. అంతకుముందు ఏడాదిగా ఉన్న తేడా ఆ రోజుతో పోయిందనిపించింది.

మా ఊరు గురజాలకు దగ్గర. నేను హయ్యర్ గ్రేడు ట్రైనింగు పూర్తిచేసి మా ఊరి మిషన్ బడిలోనే చిన్న తరగతులకు చెబుతుండేదాన్ని. నాన్న సాగర్ డ్యాము పనుల్లో రాళ్లు కొట్టే ముఠాతో ఉండి నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో అమ్మా నేనూ. నాకు పదిమందిలో నోరు పెగలదు. ఆదివారం కూటంలో "సాక్ష్యం చెప్పేవాళ్లు లేవండి" అని పాస్టరు అయ్యగారు అనగానే నేను నేల మీది నాపరాళ్ల అతుకులు చూస్తూ కూర్చునేదాన్ని. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు కూడా. అందరూ దేవుడు మాట్లాడాడంటారు, ఓదార్చాడంటారు. నాకు ఎప్పుడూ ఏమీ వినిపించలేదు.

ఈ బాధ చెప్పుకోగలిగింది రాహేలమ్మ పెద్దమ్మ ఒక్కతెకే. ఆమె మా సంఘంలో బైబిలు స్త్రీ. తెల్లచీర, గుడ్డసంచి, నల్లగొడుగుతో ఎండనక వాననక ఊళ్లు తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పేది. చిన్నతనంలోనే భర్త పోయాడు. పిల్లలు లేరు.

"మాట్టాడటం రాదని ఏడుస్తావేందే? ఆయనకి నీ మాటలు అక్కర్లా. నోరు మూసుకోని కూచో, చాలు. అది నీకు బాగా వచ్చుగా" అంది నవ్వుతూ.

నాకొక క్రమం ఏర్పరిచింది. వేకువనే లేచి ప్రార్థన. రోజుకొక వాక్యం కంఠతా పట్టడం. శుక్రవారం దీపాలు పెట్టేదాకా ఉపవాసం. సాయంత్రం బడి వదిలాక చర్చిలో ఒంటరిగా మోకరించి అరగంట మౌనం. ఒక్కటీ తప్పకుండా చేశాను. చిన్నప్పటి నుంచీ డైరీ రాసే అలవాటు ఉంది కాబట్టి మౌనంలో ఏం జరిగిందో రోజూ రాసుకునేదాన్ని. పేజీల తరబడి ఒకటే మాట: "ఏమీ లేదు."

ఆ సాయంత్రం చలికాలపుది. నాపరాయి మోకాళ్లకు మంచుగడ్డలా తగులుతోంది. పడమటి కిటికీలో వెలుతురు పలచబడుతుండగా వీపులో, భుజాల మధ్య, సన్నగా ఒక వెచ్చదనం మొదలైంది. మెడ మీదుగా చెవుల్లోకి, బుగ్గల్లోకి, అరచేతుల్లోకి పాకింది. కళ్లు వాటంతటవే చెమర్చాయి. ఒళ్లంతా తేలికైంది. ఎవరో వెనక నిలబడి నా మీదికి వంగినట్టు అనిపించింది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం వేసింది, తిరిగితే పోతాడేమోనని.

డైరీలో ఆ రోజు ఒక్క మాటే రాశాను: "వచ్చాడు."

మర్నాడూ అదే వేళకు వచ్చింది. ఆ మర్నాడూ. బడిపిల్లలు ఇళ్లకు పోయి, బర్రెలు ఊళ్లోకి తిరిగొచ్చే వేళకు సరిగ్గా వచ్చేది. దేవుడు ఇంత సమయపాలన ఎందుకు పాటిస్తున్నాడని నాకు అనుమానం రాలేదు. నేను వేళ తప్పడం లేదు కాబట్టి ఆయనా తప్పడం లేదనుకున్నాను. ఆ రెండు మూడు నెలలు నా జీవితంలో నేను సంతోషంగా ఉన్న రోజులు. ఇది ఇప్పుడు రాయడానికి ఎంత కష్టంగా ఉన్నా నిజం.

ఒళ్లు తగ్గుతూ వచ్చింది. రవికెలు వదులయ్యాయి. ఉపవాసాల వల్లేననుకున్నాను. రాత్రిళ్లు చెమటలు పట్టి దుప్పటి తడిసేది. అదీ ప్రార్థన ఫలమేననుకున్నానేమో గుర్తులేదు. ఆదివారం ఆడవాళ్లు నా వైపు చూసి చెప్పుకునేవాళ్లు. "పంతులమ్మ మొహం చూడండే, దీపం ఎలిగించినట్టు లేదూ?"

అమ్మకు ఆ మాట గిట్టేది కాదు. "దీపమా పాడా? ఎముకలు కనపడతన్నయ్యి. నీ దేవుడు నిన్ను తినొద్దన్నాడా, నువ్వే మానేసినావా?" అనేది కంచం నా ముందుకు తోస్తూ.

తర్వాత దగ్గు మొదలైంది. అప్పుడు మిరప కల్లాల కాలం. పల్నాడులో పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. కాయలు ఎండబోసిన రోజుల్లో గాలిలోనే ఘాటు ఉంటుంది, ఊరు ఊరంతా దగ్గుతుంది. నా దగ్గు ఆ దగ్గుల్లో కలిసిపోయింది. కల్లాలు ఎత్తేశారు. అందరి దగ్గులూ తగ్గాయి. నాది తగ్గలేదు.

ఒకరోజు నల్లబల్ల తుడుస్తుంటే తెరలు తెరలుగా దగ్గు వచ్చింది. చేతిలో ఉన్న తుడుపుగుడ్డే నోటికి అడ్డం పెట్టుకున్నాను. తీసి చూస్తే తెల్లటి సుద్దపొడి మీద ఎర్రగా ఉంది. గుడ్డ మడిచి పిల్లలకు కనపడకుండా పట్టుకుని ఎక్కాలు చెప్పించాను. బడి వదిలాక అమ్మకు చూపించాను. అమ్మ ట్రంకు పెట్టె తెరిచి తన మంచి చీర బయటికి తీసింది. మర్నాడు ఇద్దరం రైలెక్కి నరసరావుపేట వెళ్లాం.

మేము వెళ్లిన ఆసుపత్రిలో ఛాతీ జబ్బులకు వేరే వార్డు ఉంది. పెద్ద డాక్టరు గారు నడివయసు మనిషి. తల ఎత్తకుండా రాసుకుంటూనే ప్రశ్నలు వేశారు.

"దగ్గు ఎన్నాళ్లుగా?"

"మిరప కల్లాలప్పటి నుంచండీ."

"ఆకలి?"

"ఉపవాసాలుంటానండీ. తెలియదు."

అప్పుడు తలెత్తి చూశారు. "ఈవెనింగ్ రైజ్ ఉందా? సాయంత్రాలు జ్వరం వస్తుందా?"

"లేదండీ" అన్నాను. అబద్ధం చెబుతున్నానని నాకు తెలియదు.

ఎక్స్‌రే తీశారు. కళ్లె పరీక్షకు ఇచ్చాను. ఐదింటికి నర్సు, వాళ్లను సిస్టరమ్మ అంటారు, నోట్లో థర్మామీటరు పెట్టింది. డాక్టరు గారు దాన్ని కిటికీ వైపు తిప్పి చూశారు.

"నూట ఒకటి దాటింది. ఇది జ్వరం కాకపోతే ఏంటమ్మా?"

ఆ సమయానికి నా వీపులో, చెవుల్లో, అరచేతుల్లో అదే వెచ్చదనం ఉంది. చర్చి లేదు, మౌనం లేదు, మోకరించలేదు. స్పిరిట్ వాసన మధ్య బల్ల మీద కూర్చుని ఉన్నాను. అయినా వచ్చింది.

"సందేళప్పుడు ఒళ్లు కాలతా ఉంటదండి, గుళ్లోంచి ఇంటికొచ్చినాక" అంది అమ్మ మెల్లగా.

"తెలిసీ చెప్పలేదేం?"

"ప్రార్థనలోంచి లేచొచ్చుద్దిగదండి. అట్టానే ఉంటదేమో అనుకున్నా."

అమ్మ కూడా అలాగే అనుకుందని నాకు అప్పుడే తెలిసింది.

డాక్టరు గారు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూపించారు. "రైట్ అప్పర్ లోబ్. ఇక్కడ నల్లగా గుండ్రంగా ఉంది చూడు, క్యావిటీ అంటారు. ఊపిరితిత్తి గుల్లబడిందన్నమాట. స్ప్యూటమ్ పాజిటివ్, కళ్లెలో క్రిములున్నాయి. అడ్మిట్ కావాలి." తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "నయమవుతుంది. చెప్పినట్టు వింటే" అన్నారు.

ఆడవాళ్ల వార్డులో నా పక్క మంచం కోటమ్మ గారిది. మాచవరం వైపు పెద్ద రైతు కుటుంబం. రెండేళ్లుగా ఆసుపత్రికీ ఇంటికీ తిరుగుతోంది. నోరు ఊరుకోదు. నేను వెళ్లిన మర్నాడు సాయంత్రం గోడవైపు తిరిగి పడుకుని ఉంటే పిలిచింది.

"ఏమే పంతులమ్మా, ఇటు తిరుగు. నువ్వు కూడా రంగేసుకున్నావా?"

"రంగేంటండీ?"

"సందేళయితే ఈడ అందరం పెళ్లికూతుళ్లమే. ఒకసారి లేచి చూడు."

లేచి కూర్చుని చూశాను. రెండు వరసల మంచాలు. ప్రతి మంచం మీదా ఒక ముఖం. పొద్దున పాలిపోయి బూడిదరంగులో ఉన్న ముఖాలన్నీ ఎర్రబారి ఉన్నాయి. కళ్లు మెరుస్తున్నాయి. చివరి మంచం మీది పిల్ల ఎటో చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది. ఆదివారాలు మా ఊరి ఆడవాళ్లు నా ముఖంలో చూసిన దీపం అదే. అందరి ముఖాల్లోనూ ఉంది.

"అట్టా చూస్తావేంది? ఇంకెవరికీ రాలేదనుకున్నావా, నీకే వచ్చిందనుకున్నావా?" అని నవ్వింది కోటమ్మ గారు. ఆమె జబ్బు గురించే అంది. నేను మళ్లీ గోడవైపు తిరిగాను.

రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను. ఐ.ఎన్.హెచ్. మాత్రలు. పాస్ అనే ఇంకో మందు, నోట్లో పెట్టుకుంటేనే కడుపు తిప్పేది. "అన్నం తిన్నాకే! ఖాళీ కడుపున వేసుకుంటే కక్కుతారు" అని సిస్టరమ్మ రోజూ అరిచేది. మోకరించడానికి వీల్లేదు. మంచం దిగనివ్వరు. నేను దుప్పట్లోనే చేతులు జోడించుకోవడం కోటమ్మ గారు పసిగట్టింది.

"మీ దేవుడికి మోకాళ్లే ఏయాలంటా? పడుకోని దణ్ణం పెడితే చెల్లదా?"

"చెల్లుతుందండీ" అన్నాను సిగ్గుపడి.

"చెల్లకపోతే చెప్పు. డాక్టరుగారి చేత చీటీ రాపిద్దాం, పిల్లకి ఒంట్లో బాలేదు, మన్నించమని."

వార్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వితే దగ్గొచ్చింది.

మందులు పనిచేశాయి. నా మంచం కాళ్ల దగ్గర తగిలించిన చార్టులో సాయంత్రపు గీత వారం వారం కిందికి దిగి, చివరికి పొద్దుటి గీతతో కలిసింది. డాక్టరు గారు "గుడ్. టెంపరేచర్ సెటిలైంది" అని భుజం తట్టారు. అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఐదింటికి కళ్లు మూసుకుని ఎదురుచూశాను. రాలేదు. వీపు చల్లగా ఉంది. మర్నాడూ రాలేదు. చెవుల్లో ఇంజెక్షన్ల వల్ల వచ్చే హోరు తప్ప ఏమీ లేదు.

మిగతావాళ్లు బతుకుతామా లేదా అని భయపడేవాళ్లు. నేను బతుకుతానని తెలిసింది. కాని నాకు తెలిసిన దేవుడంటే ఆ వెచ్చదనమే. అది మందులకు పోయేదైతే నేను ఏడాదిన్నరగా ఎవరి ముందు మోకరించాను? ఈ ప్రశ్న ఎవరిని అడగాలి? రాహేలమ్మ పెద్దమ్మ కోడిగుడ్లు, జొన్నరొట్టెలు మూట కట్టుకుని చూడటానికి వచ్చింది.

"ప్రార్థన చేస్తన్నావా?"

"చేస్తున్నాను పెద్దమ్మా."

"ఆయన దగ్గరే ఉన్నాడుగా?"

నేను తల దించుకున్నాను. ఆమె దాన్ని అవునన్నట్టు తీసుకుని నా తల నిమిరింది.

కొన్ని నెలలకు స్ప్యూటమ్ నెగటివ్ వచ్చింది. డిశ్చార్జి రోజు డాక్టరు గారు వేలు చూపిస్తూ చెప్పారు. "నెగటివ్ అంటే నయమైందని కాదు. ఇంకా ఏడాదిన్నర మందులు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. అన్నంతో. ఒక్క పూట మానినా మళ్లీ ఇక్కడికే వస్తావు."

ఊరికి వచ్చాక ఆయన చెప్పినట్టే చేశాను. బడికి ఇంకా వెళ్లడం లేదు. సాయంత్రం చర్చిలో మోకరించేదాన్ని. నేల చల్లగా ఉండేది. డైరీలో మళ్లీ "ఏమీ లేదు" మొదలైంది.

అప్పుడు శ్రమదినాలు వచ్చాయి. ఈస్టరుకు ముందు నలభై రోజులు మా సంఘంలో ఆడవాళ్లు పొద్దంతా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, సాయంత్రం కూడి ప్రార్థించి ఉపవాసం విడుస్తారు. ఆ ఏడు అయ్యగారు కూటంలో ప్రకటించారు, ఈ నలభై రోజులూ కరుణకు సంపూర్ణ స్వస్థత కోసం అని. కరుణ అంటే నేనే. కూలిపనులకు పోయే ఆడవాళ్లు, ఎండలో పత్తిమోళ్లు పీకేవాళ్లు, నా కోసం కడుపులు మాడ్చుకుంటున్నారు. వాళ్ల పిల్లలు నా వైపు చూస్తున్నారు. నేను మాత్రం పొద్దున్నే పీట వేసుకుని అన్నం తినాలి.

"నీకు ఉపవాసమేందే? వాళ్లుంటారు, నువ్వు తిను" అంది అమ్మ.

రాహేలమ్మ పెద్దమ్మ ఆలోచించింది. "ఉండగలిగితే ఉండు. నీ కోసరం ఊరంతా ఉంటా ఉంటే నీ మనసొప్పదు, నాకు తెలుసు. మందు మాత్రం మానమాక."

మందు మానకూడదు. మందు అన్నంతో వేసుకోవాలి. అన్నం సాయంత్రం ఒక్కసారే. మేము ముగ్గురం కూర్చుని దీనికి ఒక ఉపాయం ఆలోచించాం. మూడు పూటల మందూ సాయంత్రం ఒకేసారి వేసుకుంటే సరిపోతుందనుకున్నాం. మొదటి రోజు అలా చేసి మొత్తం కక్కేశాను. మర్నాటి నుంచి ఒక్క పూటది వేసుకున్నాను. మిగిలినవి డబ్బాలోనే ఉండిపోయేవి. అందులో తప్పుందని మాకెవరికీ తోచలేదు. మందు మానడం లేదు కదా అనుకున్నాం.

ఉపవాసం విడిచేది రాహేలమ్మ పెద్దమ్మ గదిలో. పెద్ద పళ్లెంలో జొన్నన్నం, పప్పు, గోంగూర కలిపి పెడతారు. చుట్టూ కూర్చుని అందరూ ఆ ఒక్క పళ్లెంలోనే తింటారు. అది ఎప్పటి నుంచో ఉన్న ఆనవాయితీ. ఆసుపత్రిలో చెప్పారని నేను విడిగా నా కంచం పెట్టుకుంటే పెద్దమ్మ చెయ్యి పట్టి లాగింది.

"ఇటు రావే. ఒక్కదానివే తింటే అది ఆకలి తీర్చుకోటం అయిద్దిగాని ఉపవాసం విడవటం అయిద్దా? నెగటివ్ అన్నాడుగా మీ డాక్టరు?"

వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. తర్వాత రోజూ అక్కడే కూర్చున్నాను. ఆ చిన్న గదిలో, తలుపు వేసుకుని, భుజానికి భుజం తగిలేలా గంటల తరబడి ప్రార్థించాం.

కొన్నాళ్లు గడిచాయి. ఒక సాయంత్రం చర్చిలో ఉండగా వీపులో సన్నగా మొదలైంది. చెవులు వేడెక్కాయి. కళ్లు చెమర్చాయి.

నాకు తెలియదని చెప్పను. వార్డులో ఆ ముఖాలన్నీ చూసినదాన్ని. అయినా నాపరాయి మీద మోకరించి ఏడ్చాను, తప్పిపోయిన మనిషి ఇంటికి వచ్చినట్టు. ఇంట్లో థర్మామీటరు లేదు. ఉంటే పెట్టుకునేదాన్నో లేదో ఇప్పటికీ చెప్పలేను.

"వచ్చిందే కళ! మళ్లా వచ్చింది!" అని రాహేలమ్మ పెద్దమ్మ నా గడ్డం పట్టుకుని అందరికీ చూపించింది.

ఈస్టరు వేకువన మా ఊరివాళ్లు సమాధుల దొడ్డిలో ఆరాధన చేస్తారు. అందరం తెల్లచీరలు కట్టుకుని వెళ్లాం. తూర్పు తెల్లబడుతుండగా పాట ఎత్తుకున్నారు. రెండో చరణంలో నా గొంతులోకి ఉప్పగా వెచ్చగా ఏదో వచ్చింది. ఈసారి చేతిగుడ్డకు ఆగలేదు. చీర ముందుభాగమంతా తడిసింది. పాట ఆగిపోయింది. పెద్దమ్మ నన్ను ఒళ్లో పడుకోబెట్టుకుని, "యేసయ్యా, యేసయ్యా" అంటూ తన కొంగుతో నా నోరు తుడిచింది. ఎవరిదో సమాధి అరుగు మీద నా తల ఆనింది. చల్లగా ఉంది.

మళ్లీ అదే వార్డు. కోటమ్మ గారి మంచం మీద ఇంకెవరో ఉన్నారు. సిస్టరమ్మను అడిగితే, "చలికాలంలో పోయింది. చివరిదాకా అందర్నీ నవ్విస్తూనే ఉంది" అంది. నా ముఖానికి దుప్పటి కప్పుకున్నాను.

డాక్టరు గారు ఎక్స్‌రే చూసి ఫిల్మును బల్ల మీద పడేశారు. "రిలాప్స్. తిరగబెట్టింది. ఎన్ని పూటలు మానేశావు?"

అమ్మ చెప్పింది.

"ఉపవాసమా? ఎవరు చెప్పారు ఉండమని?"

"నేనేనండి" అంది తలుపు దగ్గర నిలబడ్డ రాహేలమ్మ పెద్దమ్మ. "మందు మానొద్దనే చెప్పినానండి. అన్నమే మానిందండి."

"మీరు మానిపించింది మందేనమ్మా. ఈ పిల్ల ఉపవాసం ఉంటే లోపలున్న క్రిములు కూడా ఉంటాయా? ఇప్పుడు ఆ మందుకు అవి లొంగకపోవచ్చు. రెసిస్టెన్స్ అంటాం."

పెద్దమ్మ గొడుగు రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది.

ఈసారి ఎ.పి. ఇచ్చారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కిస్తారు. ఆ గాలి ఒత్తిడికి ఊపిరితిత్తి ముడుచుకుని గుల్ల పూడుతుందట. గాలి ఎక్కించిన ప్రతిసారీ ఛాతీలో రాయి పెట్టినట్టుండేది. అబ్సొల్యూట్ బెడ్ రెస్ట్ అన్నారు. పక్కకు తిరగాలన్నా అడగాలి. చదవడం కూడా వద్దన్నారు. పుస్తకం లేకుండా బతకడం నాకు తెలియదు. పొట్లాలు కట్టి తెచ్చిన కాగితాలు దిండు కింద దాచుకుని చదివేదాన్ని. సిస్టరమ్మ అవి కూడా తీసుకుంది.

డైరీ లేదు. మోకరించడం లేదు. ఉపవాసం లేదు. వెచ్చదనం ఎలాగూ పోయింది. మిగిలింది కంఠతా వచ్చిన వాక్యాలు. రోజుకొకటి చొప్పున ఎప్పుడో పట్టినవి. పిలవకుండానే ఒకటి వెనక ఒకటి వచ్చేవి. బావిలోంచి చేదతాడు పైకి వస్తున్నట్టు, చేతుల్లోంచి అలా జరిగిపోయేవి. అవి వచ్చినప్పుడు ఓదార్పు కలిగిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. కలగలేదు. కాని చెప్పుకోవడం మానలేదు. ఆ ఏడాది నా ప్రార్థన అంతే. ఎవరూ నా మీదికి వంగలేదు. పైకప్పు కేసి చూస్తూ చెప్పుకున్నాను, అంతే.

రాహేలమ్మ పెద్దమ్మ వారం వారం వచ్చేది. నా మంచం పక్క స్టూలు మీద కూర్చునేది. మునుపటిలా ప్రశ్నలు అడిగేది కాదు. ఒకసారి కూర్చోగానే దగ్గింది. కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది.

"ఏంది పెద్దమ్మా, దగ్గు?"

"ఏం లేదే. మిరపకాయల ఘాటు."

బయట వాన పడుతోంది. నాట్లు వేసే కాలం. "ఇప్పుడు కల్లాలెక్కడివి పెద్దమ్మా?" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. తర్వాత నేనే సిస్టరమ్మను కేకేశాను. గట్టిగా కేకేయడం అదే మొదటిసారి.

"బైలేటరల్. రెండు పక్కలా ఉంది. బాగా ఆలస్యమైంది" అన్నారు డాక్టరు గారు. రౌండ్సు అయ్యాక ధైర్యం చేసి అడిగాను, ఒకే పళ్లెంలో తినడం వల్లా అని.

"పళ్లెం వల్ల కాదమ్మా. దగ్గిన గాలి వల్ల. ఆమె తిరగని ఊరు లేదు, కూర్చోని రోగి మంచం లేదు. ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు."

చెప్పలేరన్నారు. కాదని అనలేదు. తలుపు వేసిన ఆ చిన్న గది నాకు గుర్తొస్తూనే ఉంది.

ఆమెను మా వార్డులోనే, కిటికీ పక్క మంచంలో వేశారు. సాయంత్రాలు నా మంచం మీంచి ఆమె కనపడేది. ఐదయ్యేసరికి ఆ ముడతల ముఖం ఎర్రబారేది. కళ్లు మూసుకుని చేతులు జోడించుకునేది. పెదవుల మీద నవ్వు వచ్చేది. ఒక సాయంత్రం నా వైపు తిరిగి, "ఎంత దగ్గరికొచ్చాడే కరుణా" అంది.

అప్పుడు చెప్పవలసింది. నోటిదాకా వచ్చింది. నలభై ఏళ్లు ఎండలో ఊళ్లు తిరిగిన మనిషికి, అది జ్వరం పెద్దమ్మా అని ఎలా చెప్పను? నేనే ఆ మాట విని తట్టుకోలేకపోయినదాన్ని. చెప్పలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ ఎవరికీ చెప్పకూడదనుకున్నాను.

నాకు ఎ.పి. పనిచేసింది. కొత్త మందులు కూడా పట్టాయి. ఆమెకన్నా ముందు నన్నే పంపించారు. ఇప్పుడు బడిలో మళ్లీ చెబుతున్నాను. కుడిపక్క ఊపిరితిత్తి సగమే పనిచేస్తుంది. పాట పాడలేను, మెట్లెక్కితే ఆయాసం. సాయంత్రం చర్చికి వెళ్తాను. నాపరాయి మీద గోనెసంచి మడిచి వేసుకుని మోకరిస్తాను. వీపు చల్లగానే ఉంటుంది. ఆ వెచ్చదనం మళ్లీ రాలేదు. రాకూడదని ఇప్పుడు కోరుకుంటున్నాను, వస్తే ఏమిటో తెలుసు కనుక. అయినా వెళ్తున్నాను. ఎందుకని ఎవరైనా అడిగితే నా దగ్గర సాక్ష్యం లేదు.

నాలాంటివాళ్లకు చెప్పగలిగింది ఒక్కటే. మందులు వాడుతున్నవాళ్లు ఉపవాసం ఉండాలనుకుంటే ముందు డాక్టరును అడగండి. మందు వేసుకునే పూట అన్నం మానకండి. ఆ రోజు మానడానికి ఇంకేదైనా వెతుక్కోండి. నేను శుక్రవారాలు పుస్తకం మానేస్తున్నాను. నాకు అన్నం మానడం కన్నా అదే కష్టం.

పెద్దమ్మను చివరిసారి చూసింది ఒక శుక్రవారమే. బడి నుంచి సెలవు తీసుకుని పొద్దుటి రైలుకు వెళ్లాను. వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. బాగా చిక్కిపోయింది. దుప్పటి కింద మనిషి ఉన్నట్టే లేదు. నన్ను చూడగానే చెయ్యి చాపింది. ఇద్దరం కలిసి ప్రార్థించి చాలా కాలమైంది. సంచి కింద పెట్టి, ఆమె మంచం పక్క గచ్చు మీద మోకరించబోయాను.

ఆమె నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. గొంతు లేదు, గాలే మాటలుగా వస్తోంది. "అన్నం తిన్నావా?"

"ప్రార్థన అయ్యాక తింటాను పెద్దమ్మా. మళ్లీ నీకు ఐదయ్యేసరికి…" అని ఆగిపోయాను.

"ఆఁ, జొరమొచ్చే ఏళ" అంది. మామూలుగానే అంది, గడియారంలో టైము చెప్పినట్టు. నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె కళ్లు తిప్పుకోలేదు. నా సంచిలో పైకి కనపడుతున్న మందుల డబ్బా వైపు వేలు చూపింది.

"పోయి ముందు అన్నం తిను. ఆ మాత్ర ఏసుకో. ఆయన యాడికీ పోడులే, కూచోనుంటాడు."